విండోస్ 7 ఉన్న సిస్టమ్‌లో ఉబుంటు వేశాక పాత విండోస్ బూట్ కావడం లేదు. ఫార్మాట్ తప్ప దారి లేదా?

తెనాలి డీటీపీ:

అందరికీ నమస్కారం. తెనాలిలో నాదొక చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు, అప్పుడప్పుడూ ఎవరైనా కవిగారు సొంత ఖర్చుతో వేయించుకునే పుస్తకం. పనంతా పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతోనే. సిస్టమ్ కూడా ఆ పనికి తగ్గ పాతదే. ఇంటెల్ నాలుగో తరం ఐ3, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, అందులో విండోస్ 7. పేజ్‌మేకర్, అను రెండూ పేచీ పెట్టకుండా నడుస్తున్నాయి కదా అని ఇన్నేళ్ళూ దాన్ని కదిలించలేదు.

చిక్కంతా ఇంటర్నెట్‌తో వచ్చింది. విండోస్ 7కి క్రోమ్ 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. బ్యాంకు సైటు ఒకరోజు తెరుచుకుంటే ఇంకోరోజు మీ బ్రౌజర్ పాతదంటుంది. కస్టమర్లేమో మ్యాటరంతా వాట్సాప్‌లోనే పంపిస్తారు. ఫోన్లో చూస్తూ వధువు మేనమామల పేర్లన్నీ టైపు చేయడం నా కళ్ళ వల్ల కావడం లేదు. మా మేనల్లుడు బీటెక్ చదువుతున్నాడు. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొనిపించి, దాన్ని సీపీయూలో బిగించి, అందులో ఉబుంటు, అంటే విండోస్‌కి బదులు వాడే లినక్స్, వేశాడు. హార్డ్ డిస్క్ జోలికే పోలేదంటున్నాడు. "ఆన్ చేయగానే ఏది కావాలో అదే అడుగుతుంది మామయ్యా" అన్నాడు.

అది ఏమీ అడగడం లేదు. నేరుగా ఉబుంటులోకి పోతోంది. ఎఫ్11 నొక్కి హార్డ్ డిస్క్ ఎంచుకుందామంటే లిస్టులో హార్డ్ డిస్కే లేదు, ఉబుంటు అన్న పేరొక్కటే ఉంది. మా వీధి చివర రిపేరు షాపతను వచ్చి చూసి "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఎక్కించాలి" అన్నాడు. పేజ్‌మేకర్, అను సెటప్ ఫైళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలీదు. డీ డ్రైవ్‌లో ఏళ్ళ తరబడి చేసిన శుభలేఖల ఫైళ్ళున్నాయి. పెద్దమ్మాయి కార్డు చేయించుకున్నవాళ్ళు రెండో అమ్మాయికీ అదే డిజైన్ కావాలని వస్తారు. ముహూర్తాలు దగ్గర పడ్డాయి, టెన్షన్‌గా ఉంది.

ఇంకో మాట, దీనికి సంబంధం ఉందో లేదో తెలీదు. ఎస్‌ఎస్‌డీ బిగించి మొదటిసారి ఆన్ చేసినప్పుడు తేదీ 2013 అని చూపించి, ఎఫ్1 నొక్కమంది. మావాడు నొక్కేశాడు. ఆ తర్వాత ఏదో వీడియో చూసి బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల్లో, సీఎస్‌ఎం అనేదాన్ని డిసేబుల్ చేశాడట.

భాగ్యనగర్ కోడర్:

సింపుల్ అన్నా. గ్రబ్ (ఏ ఓఎస్ కావాలో అడిగే ఉబుంటు మెనూ) 2.06 నుంచి, పక్క ఓఎస్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్‌ని డిఫాల్ట్‌గా ఆపేశారు, అందుకే పక్కనున్న విండోస్‌ని వెతకడం లేదు. ఈటీసీ ఫోల్డర్లో డిఫాల్ట్ అనే ఫోల్డర్, దాంట్లో గ్రబ్ ఫైలు ఉంటుంది. అందులో డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ అన్న లైను ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, విలువ ఫాల్స్ అని పెట్టి సేవ్ చేయండి. తర్వాత టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీ) సుడో అప్‌డేట్-గ్రబ్ అని కొట్టండి. మెనూలో విండోస్ వచ్చేస్తుంది.

తెనాలి డీటీపీ:

మేనల్లుడి చేత చేయించాను తమ్ముడూ. వెతికింది గానీ ఉబుంటు పేర్లు తప్ప విండోస్ అన్న మాటే రాలేదు. అంటే షాపతను చెప్పినట్టు విండోస్ నిజంగానే పోయిందంటారా?

ల్యాబ్ అక్క (కాకినాడ):

పోలేదు. ఫార్మాట్ మాట ఎత్తినవాళ్ళను ముందు ఆ సిస్టమ్ దగ్గర్నుంచి పంపించేయండి. నేను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ చూస్తాను. డ్రాయింగ్ క్లాసుకి విండోస్, సీ ప్రోగ్రామింగ్‌కి లినక్స్, రెండూ ఒకే సిస్టమ్‌లో ఉండాలి. మీకొచ్చిన ఈ గొడవ మాకు ప్రతి ఏడూ జూన్‌లో వస్తుంది.

ముందు మీ ఫైళ్ళ సంగతి. ఉబుంటులో ఫైల్స్ తెరిచి, ఎడమ పక్కన చూడండి, అక్కడ అదర్ లొకేషన్స్ అని ఉంటే అది నొక్కండి. 500 జీబీ డిస్క్ తాలూకు డ్రైవ్‌లు కనిపించాలి. డీ డ్రైవ్ తెరిచి శుభలేఖల ఫోల్డర్ ఉందో లేదో చూడండి. ఉంటే అక్కడికక్కడే ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ కొట్టండి, మిగతా పని ఆ తర్వాతే. డ్రైవ్ తెరుచుకోకుండా ఏదో ఎర్రర్ ఇస్తే కంగారు పడకండి. కరెంటు పోయి విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాకపోతే విండోస్ డ్రైవ్ (ఎన్‌టీఎఫ్‌ఎస్) మీద ఒక గుర్తు మిగిలిపోతుంది, అది ఉన్నంతసేపూ లినక్స్ తెరవడానికి జంకుతుంది. ఫైళ్ళు మాత్రం ఎక్కడికీ పోవు.

ఇక రెండు సంగతులు చూసి చెప్పండి. డిస్క్స్ అనే యాప్ తెరిచి హార్డ్ డిస్క్ మీద క్లిక్ చేస్తే పార్టిషనింగ్ అన్న చోట మాస్టర్ బూట్ రికార్డ్ అని ఉందా, జీయూఐడీ పార్టిషన్ టేబుల్ అని ఉందా? ఎస్‌ఎస్‌డీకి ఏముంది? రెండోది, కంప్యూటర్ మూల ఫోల్డర్లోకి వెళ్ళి సిస్, దాంట్లో ఫర్మ్‌వేర్, దాంట్లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందా?

నా ఊహ చెబుతాను. హార్డ్ డిస్క్‌కి మాస్టర్ బూట్ రికార్డ్, ఎస్‌ఎస్‌డీకి జీయూఐడీ, ఈఎఫ్ఐ ఫోల్డర్ ఉంది. అదే నిజమైతే మీ విండోస్ 7 పాత బయోస్ పద్ధతిలో వేసింది. ఆ పద్ధతిలో సిస్టమ్ ఆన్ కాగానే డిస్క్ మొట్టమొదటి సెక్టార్‌లోని 512 బైట్లు చదివి, పగ్గాలు దానికి అప్పగిస్తుంది. మీ ఉబుంటు యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో పడింది. ఇందులో ఆ మొదటి సెక్టార్‌ని ఎవరూ పట్టించుకోరు. ఫ్యాట్32లో ఉన్న ఒక చిన్న పార్టిషన్‌లోకి వెళ్ళి, అక్కడున్న బూట్ ఫైలుని నడుపుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసేటప్పుడు లిస్టులో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, ఒకటి ముందు యూఈఎఫ్ఐ అని, ఒకటి ఏమీ లేకుండా. ఏది నొక్కితే ఉబుంటు ఆ పద్ధతిలోనే పడుతుంది. చాలామంది ఆ లిస్టుని చూడనే చూడరు.

యూఈఎఫ్ఐలో లేచిన గ్రబ్, పాత పద్ధతి విండోస్‌ని లేపలేదు. మీటర్ గేజ్ బండిని బ్రాడ్ గేజ్ పట్టాల మీద నడపమన్నట్టే. ఓఎస్-ప్రోబర్ దాన్ని లిస్టులో చూపించకపోవడానికి కారణం కూడా ఇదే, హైదరాబాద్ తమ్ముడు చెప్పిన కమాండ్‌లో తప్పేమీ లేదు. రెండు ఓఎస్‌లూ ఒకే పద్ధతిలో ఉన్నప్పుడు పనికొచ్చే మందు అది.

సీఎస్‌ఎం అంటే కొత్త బోర్డు పాత బయోస్ లాగా నటించడానికి పెట్టిన ఏర్పాటు. దాన్ని ఆపితే మీ హార్డ్ డిస్క్‌లో బూట్ చేయదగ్గది ఏదీ బోర్డుకి కనిపించదు, అందుకే ఎఫ్11 లిస్టులోంచి మాయమైంది. బయోస్‌లోకి వెళ్ళి బూట్ ట్యాబ్‌లో సీఎస్‌ఎం ఎనేబుల్ చేయండి. దాని కింద యూఈఎఫ్ఐ అండ్ లెగసీ అని రెండూ కలిపిన ఆప్షన్ ఉంటే అది పెట్టండి. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ఫైళ్ళనే ఒప్పుకునే కాపలా) దగ్గర అదర్ ఓఎస్, లేదా డిసేబుల్డ్. విండోస్ 7కి సెక్యూర్ బూట్ తెలీదు. ఎఫ్10తో సేవ్ చేసి, మళ్ళీ ఆన్ అయ్యేటప్పుడు ఎఫ్11 నొక్కి, ముందు యూఈఎఫ్ఐ అని లేని హార్డ్ డిస్క్ పేరు ఎంచుకోండి.

బూట్ రిపేర్ డిస్కులూ అవీ ఎవరైనా ఇస్తామంటే వద్దనండి. దాంట్లో రికమెండెడ్ రిపేర్ అని గుడ్డిగా నొక్కితే బాగున్నదాన్ని కూడా తిరగరాస్తుంది.

తెనాలి డీటీపీ:

అక్కా, మీరు ఊహించినట్టే ఉంది. హార్డ్ డిస్క్ మాస్టర్ బూట్ రికార్డ్, ఎస్‌ఎస్‌డీ జీయూఐడీ, ఈఎఫ్ఐ ఫోల్డర్ ఉంది. డీ డ్రైవ్ తెరుచుకుంది, శుభలేఖలన్నీ ఉన్నాయి, కాపీ అవుతోంది. సగం ప్రాణం లేచొచ్చింది.

సీఎస్‌ఎం పెట్టాక ఎఫ్11 లిస్టులో హార్డ్ డిస్క్ వచ్చింది. నొక్కితే స్టార్టింగ్ విండోస్ అని నాలుగు రంగులూ తిరుగుతూ కలుస్తున్నాయి, బొమ్మ పూర్తయ్యేలోపు నీలం తెర ఒక్కసారి మెరిసి రీస్టార్ట్ అయిపోతోంది. చదవడానికి అందడం లేదని మావాడు ఫోన్లో వీడియో తీసి ఆపి చూశాడు. స్టాప్ అని ఉండి, వరుసగా సున్నాలు, చివర 7బీ. ఇప్పుడు స్టార్టప్ రిపేర్ చేయమంటారా అని అదే అడుగుతోంది. చేయమంటారా?

ల్యాబ్ అక్క (కాకినాడ):

వద్దు. స్టార్ట్ విండోస్ నార్మల్లీ అన్నది కూడా మళ్ళీ మళ్ళీ నొక్కకండి, ఆపేయండి.

7బీ రావడం మంచి వార్త. విండోస్ లేచింది, దాని గుండె లాంటి కెర్నల్ ఎక్కింది, తీరా తన డిస్క్‌ని తెరవబోతే దానితో మాట్లాడే డ్రైవర్ లేదు. ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటారు దీన్ని. డిస్క్ పాడైనా ఇదే రావచ్చు గానీ, మీ డిస్క్‌లోంచి ఫైళ్ళు హాయిగా కాపీ అవుతున్నాయి కాబట్టి ఆ అనుమానం లేదు. మిగిలింది బయోస్‌లో శాటా మోడ్, అంటే బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, మారడం. అందులో ఐడీఈ పాతది, ఏహెచ్‌సీఐ కొత్తది.

మీరు మొదటి పోస్టులో చివర రాసిన మాట, తేదీ 2013 చూపించి ఎఫ్1 నొక్కమందన్నారు చూడండి, అసలు సంగతంతా అక్కడుంది. బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032. మీది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. సీపీయూ ప్లగ్గు గోడకో యూపీఎస్‌కో ఉన్నంతకాలం, ఆఫ్ చేసినా బోర్డుకి కాస్త స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. అందుకే బ్యాటరీ పోయిన సంగతి ఎవరికీ తెలియలేదు. ఎస్‌ఎస్‌డీ బిగించడానికి ప్లగ్గు తీశారు, ఆ కాసేపట్లో బయోస్ సెట్టింగులన్నీ ఎగిరిపోయాయి. ఎఫ్1 నొక్కగానే ఫ్యాక్టరీ సెట్టింగులతో లేచింది. ఆ రోజుల్లో విండోస్ 7 వేసేవాళ్ళు చాలామంది శాటా మోడ్ ఐడీఈలో పెట్టి వేసేవారు. మీ బోర్డు ఫ్యాక్టరీ సెట్టింగ్ ఏహెచ్‌సీఐ అయి ఉంటుంది. ఐడీఈలో వేసిన విండోస్ 7 ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ని నిద్రపుచ్చి పెడుతుంది. లినక్స్ రెండింటికీ కావలసిన డ్రైవర్లు తనతోనే తెచ్చుకుంటుంది కాబట్టి ఉబుంటుకి ఏ తేడా తెలియదు.

బయోస్‌లో శాటా కాన్ఫిగరేషన్ అన్న చోట మోడ్‌ని ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మార్చి సేవ్ చేయండి. విండోస్ లేవాలి.

లేచాక రెండు దారులున్నాయి. ఐడీఈలోనే వదిలేయొచ్చు, మీ పనికి తేడా తెలియదు. లేదా ఎస్‌ఎస్‌డీకి ఏహెచ్‌సీఐ మేలు కాబట్టి అందులోకి మారొచ్చు. మారాలంటే విండోస్ లోపలి సెట్టింగులు మార్చే రెజెడిట్ తెరిచి, లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్, అందులో ఎంఎస్ఏహెచ్‌సీఐ దాకా వెళ్ళి, స్టార్ట్ అన్న విలువ 3 ఉంటే 0 చేయాలి. ఆ తర్వాతే బయోస్‌లో ఏహెచ్‌సీఐ పెట్టాలి. ఈ వరుస తిరగబడితే మళ్ళీ 7బీ. సీజన్ అయ్యేదాకా ఐడీఈలోనే ఉండనివ్వండి, ఇది నా సలహా.

బ్యాటరీ మాత్రం ఈరోజే మార్చండి. వాచీల కొట్లో దొరుకుతుంది. మార్చాకే సెట్టింగులు పెట్టండి, లేకపోతే ప్లగ్గు తీసిన ప్రతిసారీ ఈ తంతే.

స్టీల్ ప్లాంట్ కుర్రోడు:

అక్కా, మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నాది కొత్త ల్యాప్‌టాప్, విండోస్ 11, పక్కన ఎప్పుడో వేసిన ఉబుంటు. చాలాకాలానికి ఉబుంటు తెరవబోతే నల్ల తెర మీద వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అని వచ్చి, కింద సంథింగ్ హ్యాజ్ గాన్ సీరియస్లీ రాంగ్ అని ఆగిపోతోంది. విండోస్ బాగానే వస్తోంది. నేనూ సీఎస్‌ఎం పెట్టాలా?

ల్యాబ్ అక్క (కాకినాడ):

బాబూ, కొత్త పోస్టు పెట్టాల్సింది. ఒకరి మందు ఇంకొకరు మింగితే ఎలా? నీకు సీఎస్‌ఎంతో పనే లేదు, దాని జోలికి పోకు.

నీది వేరే కథ. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్, లోపాలున్న పాత లినక్స్ బూట్ ఫైళ్ళను సెక్యూర్ బూట్ ఒప్పుకోకుండా చేసింది. డ్యూయల్ బూట్ ఉన్నవాళ్ళకు ఇది తగలకూడదన్నది ఉద్దేశం, కానీ ప్రపంచమంతా చాలామందికి తగిలింది. నీ ఉబుంటులో షిమ్, అంటే సెక్యూర్ బూట్ మొదట చూసే బూట్ ఫైలు, పాతది, అందుకే గుమ్మంలోనే ఆపేశారు.

ఏదీ ముట్టుకోకముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ తీసి పెట్టుకో. 48 అంకెలుంటుంది, నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. నేనెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదు అంటావేమో, కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ కదిలిస్తే విండోస్ ఆ కీ అడుగుతుంది, అప్పుడు వెతుక్కుంటూ కూర్చోకూడదు. కీ కాగితం మీద రాసుకున్నాక బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపు, ఉబుంటు తెరువు, టెర్మినల్‌లో సుడో మోక్‌యుటిల్, హైఫన్ హైఫన్ సెట్-ఎస్‌బ్యాట్-పాలసీ, డిలీట్. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. రీస్టార్ట్ చేసి ఉబుంటులోకే మళ్ళీ వెళ్ళు. అప్పుడు ఆప్ట్‌తో అప్‌డేట్, అప్‌గ్రేడ్ చేస్తే కొత్త షిమ్ వస్తుంది. చివర్న సెక్యూర్ బూట్ తిరిగి ఆన్ చెయ్. దాన్ని శాశ్వతంగా ఆపి ఉంచమని చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు, వినకు.

న్యూజెర్సీ నుంచి:

డీటీపీ అన్నగారూ, ఈ తిప్పలన్నీ దేనికండీ? ఉబుంటులో వర్చువల్‌బాక్స్ (ఒక సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్ నడిపే ప్రోగ్రాం) వేసుకుని, అందులో విండోస్ 7, దాంట్లో పేజ్‌మేకర్. రీస్టార్ట్ చేసే పనే ఉండదు. ఒక కిటికీలో వాట్సాప్, పక్క కిటికీలో శుభలేఖ.

ల్యాబ్ అక్క (కాకినాడ):

ఆలోచన మంచిదే, ఎప్పటికైనా చేరాల్సింది అక్కడికే. సీఎస్‌ఎం లాంటి పాత ఏర్పాట్లను 2020కల్లా వదిలించుకుంటామని ఇంటెల్ 2017లోనే చెప్పింది. ఈయన బోర్డు కాలిపోయి కొత్తది కొంటే ఈ హార్డ్ డిస్క్ దాంట్లో లేవకపోవచ్చు. కానీ వర్చువల్ మెషీన్‌కి విండోస్ 7 మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాలి, పేజ్‌మేకర్, అను సెటప్ ఫైళ్ళు కావాలి, ప్రింటర్ లోపలికి అందేలా చూసుకోవాలి. సెటప్ ఫైళ్ళు ఎక్కడున్నాయో తెలియదని ఆయనే రాశారు. పెళ్ళిళ్ళ సీజన్ మధ్యలో పెట్టుకునే పని కాదు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే చేయాలి. విండోస్ 7కి 2020 జనవరి 14తో సపోర్టు ముగిసింది. ఉబుంటు వచ్చింది కాబట్టి విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టర్‌ని డిసేబుల్ చేసేయండి. మ్యాటర్ ఉబుంటులో దించుకోండి, డీ డ్రైవ్‌లో పెట్టండి, విండోస్‌లోకి వెళ్ళి పని చేసుకోండి. విండోస్‌ని హైబర్నేట్ చేయకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి, లేకపోతే ఉబుంటు డీ డ్రైవ్‌లో రాయడానికి ఒప్పుకోదు.

తెనాలి డీటీపీ:

అక్కా, ఐడీఈ పెట్టగానే విండోస్ వచ్చేసింది. పేజ్‌మేకర్ తెరిచి, సగంలో ఆగిపోయిన కార్డు ప్రింటుకి పంపాకే ఈ పోస్టు రాస్తున్నాను. బ్యాటరీ కూడా మార్పించాను. వాచీల కొట్టాయన పాతది మీటరు మీద పెట్టి చూసి నవ్వాడు. నెట్ ఆపేశాం. బోర్డు గురించి మీరన్న మాట మనసులో పెట్టుకున్నాను, సెటప్ ఫైళ్ళ కోసం గుంటూరులో పాత పార్ట్‌నర్‌ని అడిగాను.

ఒక చిన్న సందేహం మిగిలింది. ఉబుంటులో పని చేసి విండోస్‌లోకి వస్తే గడియారం వెనక్కి పోతోంది. పొద్దున 11కి తెరిస్తే 5.30 చూపించింది. సరిచేసి మళ్ళీ ఉబుంటులోకి వెళ్ళి వచ్చినా అంతే. బిల్లుల మీద టైమ్ తప్పు పడుతోంది. కొత్త బ్యాటరీ కూడా నాసిరకమా?

ల్యాబ్ అక్క (కాకినాడ):

బ్యాటరీ బంగారంలా ఉంది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు, అంటే మన టైముకీ గ్రీనిచ్ టైముకీ ఉన్న తేడా. బోర్డు మీద గడియారం ఒక్కటే. ఉబుంటు దాంట్లో గ్రీనిచ్ టైమ్ రాస్తుంది. విండోస్ అదే లోకల్ టైమ్ అనుకుని చదువుతుంది.

ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్, ఖాళీ, సెట్-లోకల్-ఆర్‌టీసీ, ఖాళీ, 1 అని కొట్టండి. పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. ఇకనుంచి ఉబుంటు కూడా బోర్డు గడియారంలో మన టైమే రాస్తుంది. తర్వాత ఉత్త టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొడితే కింద ఒక వార్నింగ్ చూపిస్తుంది, ఇలా పెట్టుకోవడం మంచిది కాదని. అది ముఖ్యంగా ఏడాదికి రెండుసార్లు గడియారం ముందుకీ వెనక్కీ జరుపుకునే దేశాలకు. మనకు ఆ పద్ధతి లేదు, పట్టించుకోకండి.